తుప్పు పట్టని నాణెం, పుచ్చిపోయే గింజ: సిల్వియో గెసెల్ ద్రవ్య సిద్ధాంతం – అనంతపురం కరవుసీమ అనుభవం

ప్రవేశిక

తెలుగులో ధాన్యం దాచే తావులకు గాదె, గరిసె, పాతర అనే పేర్లున్నాయి. ధనం దాచే తావుకు లంకెబిందె అనే మాట ఉంది. దాపరికం రెండింటికీ సమానమే. కాని గాదెలోని గింజకు చెమ్మ, పురుగు, ఎలుక అనే మూడు బెడదలున్నాయి. లంకెబిందెలోని వరహాకు దొంగ భయం ఒక్కటే. గింజ ఏటికేడు తరుగుతుంది, నాణెం తరగదు. లోకానుభవంలో అందరికీ తెలిసిన ఈ భేదాన్ని ఆధారం చేసుకొని, వడ్డీ ఎందుకు పుడుతుందో, అంగళ్లలో సరుకు పేరుకుపోయి ఉండగానే జనం ఎందుకు పస్తులుంటారో వివరించడానికి పూనుకున్నవాడు జర్మన్ వ్యాపారి సిల్వియో గెసెల్. విశ్వవిద్యాలయాల అర్థశాస్త్రానికి వెలుపల నిలిచిన ఈ ఆలోచనాపరుడి ప్రతిపాదన ఒక్క వాక్యంలో చెప్పదగినది: సరుకు క్షీణిస్తున్నప్పుడు డబ్బు కూడా క్షీణించాలి.

ఈ ప్రతిపాదన పుట్టింది అనంతపురాన్ని దృష్టిలో ఉంచుకొని కాదు. అయినా సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ పీఠభూమి, ఆ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి అనువైన నేల. కొర్ర, రాగి, జొన్న పండించి నాణెంలో శిస్తు చెల్లించిన రైతుల చరిత్ర ఇక్కడ దాఖలాలతో సహా లభిస్తున్నది. నాణేనికి గింజ మీద దక్కిన పైచేయి అది తుప్పు పట్టకపోవడం వల్లనే వచ్చిందా, లేక శిస్తు గడువూ వాన అనిశ్చితీ అనే మరి రెండు కారణాలు దాని వెనుక ఉన్నాయా అన్నది ఇక్కడ విచారణీయాంశం.

గెసెల్ ఆలోచనా క్రమం

గెసెల్ 1862 మార్చి 17న నాటి ప్రష్యా రాజ్యంలో, నేటి బెల్జియంలో ఉన్న సెంట్ వీత్ పట్టణంలో జన్మించాడు. 1887లో వ్యాపారం నిమిత్తం అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ చేరాడు. 1890 నాటి అర్జెంటీనా ఆర్థిక సంక్షోభం ఆయనను సిద్ధాంతకర్తగా మార్చింది. కొట్టు నిండా సరుకు, ఊరి నిండా అవసరం ఉన్నా కొనుగోళ్లు ఆగిపోవడం ఆయన కళ్లారా చూశాడు. ధరలు ఇంకా పడతాయని తోచినప్పుడు డబ్బున్నవాడు కొనకుండా కూర్చుంటాడు. కూర్చున్నందుకు అతనికి నష్టం లేదు. సరుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. 1891లో అక్కడే నాణెపు సంస్కరణపై తొలి పుస్తకం ప్రచురించాడు. ఆయన ప్రధాన గ్రంథం, సహజ ఆర్థిక వ్యవస్థను గురించినది, 1916లో జర్మన్ భాషలో వెలువడింది. 1919 ఏప్రిల్‌లో బవేరియాలో ఏర్పడిన అల్పాయువు సోవియట్ ప్రభుత్వంలో సుమారు వారం రోజులు ఆర్థిక శాఖ నిర్వహించాడు. ఆ తర్వాత రాజద్రోహ నేరం మోపబడి, విచారణలో నిర్దోషిగా విడుదలయ్యాడు. 1930 మార్చి 11న మరణించాడు.

ఆయన ప్రతిపాదించిన స్వేచ్ఛాద్రవ్యం ఇలా పనిచేస్తుంది. ప్రతి నోటుకూ వారానికొకసారి దాని ముఖవిలువలో వెయ్యో వంతు విలువ గల స్టాంపు అంటించాలి. అంటించనిదే నోటు చెల్లదు. ఏడాదికి ఈ నిలవ రుసుము సుమారు 5.2 శాతం అవుతుంది. రుసుము తప్పించుకోవాలంటే డబ్బును ఖర్చు చేయాలి, లేదా ఎవరికైనా అప్పుగా ఇవ్వాలి. దీనిని ద్రవ్యోల్బణంతో కలిపి చూడడం తరచు జరిగే పొరపాటు. ద్రవ్యోల్బణంలో రూపాయి కొనగలిగే సరుకు తగ్గుతుంది, అంటే ధరలు పెరుగుతాయి. గెసెల్ కోరినది స్థిరమైన ధరలనే. క్షీణించవలసింది నోటును పట్టుకొని కూర్చునే హక్కు మాత్రమే. ఆయన పథకంలో రెండో భాగం స్వేచ్ఛాభూమి: భూమిని పరిహారమిచ్చి ప్రభుత్వం స్వీకరించి, సాగుదార్లకు కౌలుకిచ్చి, ఆ కౌలు ఆదాయాన్ని పిల్లల సంఖ్యను బట్టి తల్లులకు పంచాలన్నాడు.

తన వాదాన్ని నిరూపించడానికి గెసెల్ రాబిన్సన్ క్రూసో కథను వాడుకున్నాడు. దీవిలో ఒంటరిగా ఉన్న క్రూసో మూడేళ్లకు సరిపడా సరుకు కూడబెట్టుకుంటాడు. ఒక అపరిచితుడు వచ్చి, తాను పంట పండించుకొనేవరకు బదులు అడుగుతాడు. క్రూసో మొదట వడ్డీ కోరతాడు. దాచిన గోధుమను పురుగు, బట్టను చిమట తింటుందనీ, బదులిస్తే అదే కొలతకు కొత్త సరుకు తిరిగి వస్తుందనీ అపరిచితుడు నచ్చచెపుతాడు. చివరకు క్రూసో వడ్డీ లేకుండానే ఇస్తాడు. క్షీణించే సరుకు గలవాడు వడ్డీ అడగలేడు, క్షీణించని నాణెం గలవాడే అడగగలడు అన్నది ఇందులోని సారం. అనంతపురం చరిత్ర ఈ కథతో విభేదించే చోటు ఒకటి ఉంది. దానిని ముందు పరిశీలించవలసి వస్తుంది.

1936లో వెలువడిన తన సుప్రసిద్ధ గ్రంథంలో కీన్స్ గెసెల్‌కు కొన్ని పుటలు కేటాయించి, అన్యాయంగా ఉపేక్షకు గురైన ఆలోచనాపరుడిగా గౌరవించాడు. అదే సమయంలో ఒక లోపాన్నీ ఎత్తిచూపాడు. నోటుపై రుసుము వేస్తే జనం దాపరికం మానరు. బ్యాంకు ఖాతాలు, విదేశీ ద్రవ్యం, నగలు, బంగారం వంటి వాటిలోకి మారతారు. ఆడపిల్ల పెళ్లికి బంగారమూ, కరవుకు వెండి కడియమూ దాచుకొనే సీమలో ఈ విమర్శకున్న బలం ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

శిస్తు, కిస్తు, ధర

1800 అక్టోబరు 12 నాటి ఒప్పందం ద్వారా నిజాం తన దక్షిణ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలుగా పేరొందిన ఈ భూభాగానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అనంతపురం ఆయన ప్రధాన విడిదులలో ఒకటి. పొలం పొలం కొలిపించి, ప్రతి పొలానికీ నగదులో శిస్తు నిర్ణయించి, రైతుతో నేరుగా పట్టా కుదుర్చుకొనే రైత్వారీ పద్ధతికి ఈ నేల మీదనే విస్తృతమైన రూపం వచ్చింది.

శిస్తు నాణెంలో తీసుకోవడం మన్రో కనిపెట్టినది కాదు. దక్షిణాదిన విజయనగర కాలం నుండీ మాగాణిలో పంట పాలూ, మెట్టలో నగదూ తీసుకొనే ఆచారం విస్తృతంగా ఉంది. కొత్తదనం మరొక చోట ఉంది. పూర్వపు పాలనలో శిస్తు కాగితం మీద ఒకటి, వసూలులో మరొకటి. పాళెగాడితోనో అమిల్దారుతోనో బేరం సాగేది, పంట పోయిన ఏడు కొంత వదిలేవారు, పండిన ఏడు పీడించేవారు. ఈ పీడనను పొగడవలసిన పని లేదు. అయితే అందులో సాగుబాటు ఉండేది. సర్వే లెక్కతో ఆ సాగుబాటు స్థానంలో స్థిరమైన అంకె వచ్చింది. ఆ అంకె వరహాలలో ఉంది, గింజలో లేదు.

అంకె ఎక్కువగా ఉందని మన్రోకే తెలుసు. 1807లో కంపెనీకి సమర్పించిన నివేదికలో సర్వే శిస్తు మొత్తం పంటలో సుమారు 45 శాతం దాకా ఉందనీ, దానిని నాలుగో వంతు తగ్గిస్తే పంటలో మూడో వంతుకు దిగుతుందనీ లెక్కగట్టి, ఆ తగ్గింపును సిఫార్సు చేశాడు. చెరువు, బావి నీటి భూములకు మరికొంత అదనపు తగ్గింపు కోరాడు. ఆ సిఫార్సు అప్పుడు అమలు కాలేదు. గ్రామాలను గుత్తకిచ్చే పద్ధతి కొన్నేళ్లు నడిచి విఫలమైన తర్వాత, మన్రో మద్రాసు గవర్నరుగా ఉన్న 1820వ దశకంలోనే తగ్గింపు ఆచరణకు వచ్చింది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనేంత ప్రేమ ఈ ప్రాంతంలో ఆయన పట్ల ఉండడానికి ఇది ఒక కారణం కావచ్చు. 1827 జూలై 6న పత్తికొండ వద్ద కలరాతో ఆయన మరణించాడు.

తగ్గింపు ఒక చేత్తో ఇచ్చినదానిని ధరలు మరో చేత్తో లాక్కున్నాయి. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీ వెండి రూపాయిని ప్రామాణిక నాణెంగా ప్రకటించి, వరహాను మూడున్నర రూపాయలుగా లెక్కించింది. 1820వ దశకం మొదలు 1850వ దశకం ఆరంభం వరకు ప్రెసిడెన్సీ అంతటా ధాన్యపు ధరలు దీర్ఘకాలం పడిపోయి ఉన్నాయి. శిస్తు అంకె మారలేదు. ఉదాహరణకు, ఏడు రూపాయల శిస్తు గల రైతు రూపాయికి ఇరవై సేర్ల జొన్న అమ్మితే 140 సేర్లతో రుణం తీరుతుంది. రూపాయికి ముప్పై సేర్లు ఇవ్వవలసి వస్తే 210 సేర్లు కావాలి. దస్తావేజు ప్రకారం శిస్తు అదే, గాదె లెక్కలో సగం పెరిగింది. గింజ పరంగా నాణెం బరువెక్కింది. సర్కారు రైతు మీద కొత్త పన్ను వేయలేదు; వేయవలసిన అవసరం కలగలేదు.

దీనికి కిస్తు గడువు తోడైంది. పంట కళ్లం నుండి ఇంటికి వచ్చే వేళకే కిస్తులు మొదలవుతాయి. అందరి పంటా ఒకేసారి అంగడికి రావడం వల్ల ధర అట్టడుగున ఉంటుంది. నాణెం చేతిలో ఉన్న వర్తకుడు ఆ నెల కొని, జొన్న కరవయ్యే ఆషాఢంలో అదే రైతుకు అమ్మగలడు. గెసెల్ చెప్పిన నిరీక్షణ బలం ఇదే. అయితే దాని మూలం నాణెపు లోహగుణంలో మాత్రమే లేదని ఇక్కడ స్పష్టమవుతుంది. రాగి పాతరలో ఏళ్ల తరబడి చెడకుండా ఉండే గింజ; దానికి పురుగు పట్టడం అరుదు. పాతర ఉన్న రైతు కూడా కొంతకాలం నిరీక్షించగలడు. నిరీక్షించనీయనిది కిస్తు. సర్కారు గింజను స్వీకరించదు, నాణేన్నే స్వీకరిస్తుంది, అదీ చెప్పిన తేదీలోపల. అంటే, సరుకు మీద నాణేనికి గల అధికారంలో గణనీయ భాగం ప్రకృతి దత్తం కాదు, జమాబందీ దత్తం. గెసెల్ చూపు ప్రధానంగా అంగడి మీద నిలవడం వల్ల ఈ భాగం ఆయన సిద్ధాంతంలో పలచగా ఉండిపోయింది.

ఇంకొక విషయం. సర్కారే భూస్వామిగా ఉండి సాగుదారుకు నేరుగా భూమి అప్పగించే రైత్వారీ, బాహ్య రూపంలో గెసెల్ స్వేచ్ఛాభూమికి దగ్గరగా కనిపిస్తుంది. తేడా అంతా వసూలైన సొమ్ము ఎటు పోతుందన్న ప్రశ్నలో ఉంది. ఆయన పథకంలో అది తల్లుల చేతికి చేరాలి. దత్తమండలాల్లో అది కంపెనీ ఖజానాకు చేరింది.

గింజను గింజతో కొలిచినప్పుడు

1876–78 నాటి దారుణ క్షామంలో దత్తమండలాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అప్పటికి అనంతపురం ప్రత్యేక జిల్లా కాదు, బళ్లారి జిల్లాలో భాగం; 1882లో విడిపడింది. క్షామ పనుల ఖర్చు తగ్గించడానికి 1877లో భారత ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కూలి రేటును రోజుకు ఒక పౌను ధాన్యం ధరకు అదనంగా కొద్దిపాటి నగదుగా కుదించాడు. కష్టపడే మనిషికి అది చాలదని ఆనాటి మద్రాసు వైద్యాధికారులే అభ్యంతరం చెప్పారు. ఆ క్రూరత్వం గురించి చరిత్రకారులు చాలా రాశారు. ద్రవ్య చరిత్ర దృష్ట్యా గమనించవలసింది వేరొకటి: ఏడు దశాబ్దాలకు పైగా రైతు బాకీని నాణెంలోనే కొలిచిన ప్రభుత్వం, తాను కూలీకి చెల్లించవలసి వచ్చినప్పుడు గింజతో కొలిచింది. ధర పెరిగితే నాణెపు కూలి పెరగవలసి ఉంటుందన్న గ్రహింపు అందులో ఉంది. అదే తర్కం శిస్తు వైపు ఎన్నడూ వర్తించలేదు.

1893: వెండికి పట్టిన తుప్పు

అనంతపురం సీమలో పేద రైతుకు పొదుపు అంటే ప్రధానంగా వెండి: కడియం, దండకడియం, మొలతాడు. ఈ పొదుపుకు ఒక చట్టబద్ధమైన ఆధారం ఉండేది. 1835 నుండి దేశమంతటా ఏకరూపంగా ఉన్న రూపాయిలో 165 గ్రెయిన్ల స్వచ్ఛమైన వెండి ఉంది. ఎవరైనా వెండిని టంకశాలకు తీసుకువెళ్లి, స్వల్ప రుసుముపై రూపాయలుగా మార్చుకోవచ్చు. రైతు స్వయంగా బొంబాయి టంకశాలకు వెళ్లకపోయినా, ఊరి కంసాలీ షావుకారూ కడియానికి కట్టే ధర ఆ హక్కు మీదే నిలిచి ఉండేది. కడియం అంటే కాలికి తొడుక్కున్న రూపాయలే.

1873 తర్వాత ప్రపంచ విపణిలో బంగారంతో పోలిస్తే వెండి ధర క్రమంగా పడిపోయింది. రెండు షిల్లింగుల దరిదాపులో ఉన్న రూపాయి 1890వ దశకం ఆరంభానికి ఒక షిల్లింగు మూడు పెన్నీల స్థాయికి దిగింది. ఇంగ్లండుకు బంగారంలో చెల్లించవలసిన పాలనా ఖర్చుల భారం పెరిగిందని భారత ప్రభుత్వం ఆందోళన చెందింది. రైతుకు మాత్రం ఈ క్షీణత వల్ల కొంత ఊరట ఉంది: పాత అంకెలో ఉన్న శిస్తు, పాత అంకెలో ఉన్న అప్పు, పెరుగుతున్న ధరల ముందు తేలికపడ్డాయి. 1893 జూన్ 26న ప్రభుత్వం టంకశాలలను ప్రజల వెండికి మూసివేసింది. రూపాయి ఇక లోహపు విలువను అనుసరించదు. కొరత ద్వారా దాని విలువను నిలబెడతారు. కొద్ది ఏళ్లలో అది ఒక షిల్లింగు నాలుగు పెన్నీల వద్ద స్థిరపడింది. అప్పటికి రూపాయిలోని వెండి, రూపాయి విలువలో మూడింట రెండు వంతుల దరిదాపులో మాత్రమే ఉంది.

ఈ నిర్ణయం గురించి జరిగిన చర్చ ఎక్కువగా మారకపు రేటు చుట్టూ తిరిగింది. అనంతపురం వంటి కరవుసీమలో దాని అర్థం వేరు. 1891–92లో కరవు చూసిన ఈ ప్రాంతం 1896–97లో మళ్లీ కరవు చూసింది. మొదటి కరవులో కడియం అమ్మినవాడు టంకశాల హక్కు నీడలో అమ్మాడు. రెండో కరవులో అమ్మినవాడు ఆ హక్కు పోయాక అమ్మాడు. అదే తూకం వెండికి తక్కువ రూపాయలు వచ్చాయి, శిస్తు మాత్రం రూపాయలలోనే ఉంది. దాదాభాయి నౌరోజీ వంటి విమర్శకులు టంకశాలల మూసివేతను రైతుపై వేసిన మారువేషపు పన్నుగా ఖండించారు.

గెసెల్ సరిగ్గా ఈ కాలంలోనే భూగోళానికి అవతలి వైపున ద్రవ్యం తుప్పు పట్టాలని రాస్తున్నాడు. తుప్పు పట్టే ద్రవ్యం ఆలోచన ఇక్కడ తలకిందులైంది. ప్రభుత్వం తన నాణేనికి తుప్పు పట్టకుండా కట్టుదిట్టం చేసి, పేదవాడి నిలవకు తుప్పు పట్టించింది. ద్రవ్య సంస్కరణ ఎటు వైపు క్షీణతను పంపుతుందన్నది దాని యంత్రాంగంలో లేదు, దానిని నడిపేవారి చేతిలో ఉంది. నోటుపై స్టాంపు అంటించే పథకం దత్తమండలాల ఖజానా చేతిలో పడి ఉంటే, స్టాంపు ఖర్చు ఎవరి నెత్తిన పడేదో ఊహించడం కష్టం కాదు.

క్రూసో కథకు ఎదురు సాక్ష్యం

ఇప్పుడు క్రూసో కథ దగ్గరికి రావచ్చు. గెసెల్ తర్కం ప్రకారం గింజను బదులిచ్చేవాడు వడ్డీ అడగకూడదు. కొత్త గింజ తిరిగి రావడమే అతనికి లాభం. తెలుగు నేల అనుభవం ఇందుకు పూర్తిగా విరుద్ధం. తెలంగాణలో నాగు అనే పేరుతో ప్రసిద్ధమైన ధాన్యపు అప్పు పద్ధతిలో, విత్తే వేళ తీసుకున్న గింజకు కోతల వేళ సగం అదనంగా కలిపి కొలిచి ఇవ్వడం పరిపాటి. నగదు వడ్డీ కంటే గింజ వడ్డీ ఎన్నో రెట్లు భారమైనది. నాణెం ప్రసక్తే లేని చోట, చెడిపోయే సరుకుకే, ఇంత వడ్డీ ఎలా పుట్టింది?

కారణం కాలెండరులో ఉంది. ఆషాఢంలోని తూము జొన్నా సంక్రాంతి నాటి తూము జొన్నా ఒకే సరుకు కావు. మొదటిది విత్తనం, ఆకలి తీర్చే ముద్ద. రెండోది అంగట్లో గుట్టగా పడి ఉన్న సరుకు. గింజ పరంగా వడ్డీ సగం కనిపించినా, అప్పిచ్చిన నాటి ధరకూ తీరిన నాటి ధరకూ తేడా చూస్తే అందులో కొంత కరిగిపోతుంది. మిగిలిన భాగం వాన అనిశ్చితికి కట్టిన ధర. క్రూసో దీవిలో అపరిచితుడి పంట తప్పక పండుతుంది. అనంతపురంలో ఆరుద్ర కార్తె కురిసి, ఆ తర్వాత మొగం చాటేసిన ఏడు పంట పోతుంది, ఊరంతటి పంటా ఒకేసారి పోతుంది, అప్పు తీర్చగలవాడు ఒక్కడూ మిగలడు. పాతర గలవాడు ఆ ఏటి కోసమే పాతర కాపాడుకుంటాడు. గింజకు తరుగు ఉన్నా, కరవు ఏట దాని విలువ పెరిగే తీరు ముందు ఆ తరుగు లెక్కలోకి రాదు.

అందువల్ల వడ్డీకి మూలం నాణెపు అక్షయత్వం ఒక్కటేనన్న గెసెల్ వాదం మెట్టసీమలో నిలవదు. ఇది ఆయన సిద్ధాంతాన్ని కొట్టివేయడం కాదు. సరుకు సమృద్ధిగా ఉండి డబ్బు దాక్కున్న చోట, ఆయన చూసిన బ్యూనస్ ఐరిస్‌లో వలె, అది సరిగ్గా వర్తిస్తుంది. సరుకే లేని చోట డబ్బును పరుగెత్తించినా అది కొనడానికి ఏమీ దొరకదు. కరవు రెండు రకాలు: గింజ కరవు, రూక కరవు. గెసెల్ మందు రెండో దానికి.

1930వ దశకం: రూక కరవు

రూక కరవు కూడా అనంతపురానికి వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో స్థానికులు చెనిక్కాయ అని పిలిచే వేరుశనగ ఈ ఎర్రనేలల్లో విస్తరించింది. కొర్ర, జొన్నలకు భిన్నంగా ఇది అమ్మకానికే పండే పంట. విదేశీ నూనె మిల్లుల గిరాకీ మీద ఆధారపడిన పంట. 1929 తర్వాత ప్రపంచ ఆర్థిక మాంద్యంలో దాని ధర సగానికి పైగా పడిపోయింది. ఇప్పుడు కళ్లంలో కాయ ఉంది, కొనే రూపాయి లేదు. పైగా 1927లో రూపాయిని ఒక షిల్లింగు ఆరు పెన్నీల వద్ద నిలిపిన చట్టం ఎగుమతి పంటల రైతుకు అదనపు దెబ్బ. నాలుగు పెన్నీల పాత రేటే ఉండాలని వాదించిన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ అసమ్మతి 1926 నాటి కమిషను నివేదికలో నమోదైంది. మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామీణ రుణభారం మాంద్యానికి ముందు సుమారు 150 కోట్ల రూపాయలని బ్యాంకింగ్ విచారణ సంఘం అంచనా వేయగా, 1935లో సత్యనాథన్ నివేదిక దానిని 200 కోట్లుగా లెక్కించింది. 1931 సెప్టెంబరులో స్టెర్లింగు బంగారంతో తెగతెంపులు చేసుకున్నాక, భారత గ్రామాల నుండి నగలు కరిగి బంగారంగా ఓడలెక్కాయి.

ఇదే సమయంలో ఆస్ట్రియాలో వోర్గ్ల్ అనే చిన్న పట్టణంలో మేయర్ మైకేల్ ఉంటర్‌గుగ్గెన్‌బెర్గర్ గెసెల్ ఆలోచనను అమలు చేశాడు. 1932 జూలైలో పురపాలక సంఘం నెలకు ఒక శాతం స్టాంపు అంటించవలసిన పని పత్రాలను జారీ చేసి, వాటితో వీధులు, వంతెన పనులు చేయించింది. పన్ను బకాయిలు వసూలయ్యాయి, నిరుద్యోగం తగ్గింది. 1933 సెప్టెంబరులో జాతీయ బ్యాంకు పట్టుదల వల్ల ప్రయోగం ఆగిపోయింది. వోర్గ్ల్‌ను అద్భుతంగా వర్ణించే సాహిత్యం విస్తారంగా ఉంది. పదమూడు నెలల అనుభవం మీద అంత భవనం కట్టడం సమంజసం కాదు. ఒక్క అంశం మాత్రం అనంతపురం చరిత్ర వెలుగులో కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఆ పత్రాలు చెల్లడానికి ముఖ్య కారణం, పురపాలక సంఘం వాటిని పన్నుగా స్వీకరించడం. దత్తమండలాల్లో నాణేనికి బలమిచ్చిన శిస్తు ద్వారమే అక్కడ స్టాంపు పత్రానికీ బలమిచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీ వేరే దారి పట్టింది. రాజగోపాలాచారి మంత్రివర్గం తెచ్చిన 1938 నాటి వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం, 1932 అక్టోబరు 1కి ముందు తీసుకున్న అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి బకాయి ఉన్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెండింతలు చెల్లించి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్లే. ధర పడిపోయిన కాలంలో రూపాయి బరువెక్కింది గనుక, ఆ కాలపు వడ్డీ మాఫీ నిజానికి రూపాయి పొందిన అనార్జిత లాభాన్ని వెనక్కి తీసుకోవడమే. గెసెల్ నోటుపై ముందుగా వేయదలచిన కోతను ఈ చట్టం పత్రంపై ఆలస్యంగా వేసింది. ఫలితాలలో కూడా కీన్స్ హెచ్చరిక నిజమైంది. పాత పత్రం మీద చట్టం చేయి పడగానే, కొత్త అప్పు కుదువ లేకుండా పుట్టడం కష్టమైందన్న ఫిర్యాదు వినవచ్చింది. నగ కుదువ పెట్టగలవాడికి దారి దొరికింది. వాన మీద, మాట మీద తప్ప మరో హామీ లేనివాడికి దొరకలేదు.

కుమారప్ప నుండి బండ్లపల్లి వరకు

భారతీయ ఆలోచనాపరులలో ఈ సమస్యను గెసెల్ వలె మూలంలో పట్టుకున్నవాడు జె.సి. కుమారప్ప. తంజావూరులో 1892లో జన్మించి, కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ ఆర్థికశాస్త్రం చదివి, గాంధీ ప్రేరణతో గ్రామోద్యోగ సంఘాన్ని నడిపిన కుమారప్ప, కుళ్లిపోయే సరుకు గలవాడితో బేరంలో నాణెం గలవాడికి అన్యాయమైన పైచేయి ఉందని రాశాడు. మందు విషయంలో మాత్రం ఆయన దారి వేరు. నాణేనికి తుప్పు పట్టించమనలేదు. గ్రామంలో నాణెం తప్పనిసరి కాకుండా చేయమన్నాడు. భూమిశిస్తును సహకార సంఘాల ద్వారా సరుకు రూపంలో స్వీకరించాలన్నది ఆయన సూచనల్లో ఒకటి. కిస్తు గడువు నాణేనికి ఇచ్చిన అధికారాన్ని మూలంలో తొలగించే సూచన ఇది. మెట్టసీమ చరిత్ర తెలిసినవారికి ఇది గెసెల్ స్టాంపు కంటే సూటిగా తగులుతుంది. స్వతంత్ర భారతం దానిని స్వీకరించలేదు. భూమిశిస్తే క్రమంగా నామమాత్రమైపోయింది. నాణెపు గడువు శిస్తు కచేరీ నుండి బ్యాంకు పంట రుణానికీ, విత్తన, ఎరువుల దుకాణపు ఖాతాకూ మారింది. ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగే విత్తిన ఏళ్లలో, జిల్లా మొత్తం ఒకే నెలలో అప్పు తీసుకొని, ఒకే నెలలో అమ్మింది. తినే గింజ పండించిన రైతుకు ఉన్న పాతర, అమ్మే కాయ పండించిన రైతుకు లేకపోయింది.

2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించాడు. 1877లో గింజ ధరకు కట్టిన కూలికీ, ఈ కూలికీ మధ్య దూరం చాలా ఉంది; అది దయ, ఇది హక్కు. అయినా రెండింటిలోనూ నాణెం తనంతట తాను కొలమానం కాలేదు. 2011 జనవరి నుండి పథకపు కూలి రేటును వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచీకి ముడిపెట్టారు. ఇంకొక నిబంధన ద్రవ్య సిద్ధాంత దృష్ట్యా మరింత ఆసక్తికరమైనది. మస్టరు ముగిసిన పదిహేను రోజులలోపు కూలి అందకపోతే, పదహారో రోజు నుండి బకాయిపై రోజుకు 0.05 శాతం పరిహారం చెల్లించాలి. నిరీక్షణకు ధర ఉందనీ, ఆ ధర నిరీక్షింపజేసినవాడే భరించాలనీ చట్టం ఒప్పుకున్న చోటు ఇది. గెసెల్ నోటు దాచినవాడి మీద వారానికి 0.1 శాతం రుసుము కోరాడు. కూలిని ఆపిన సర్కారు మీద ఈ నిబంధన వేసిన రుసుము వారానికి 0.35 శాతం.